మన రోజుకి మనమే గుమస్తా

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పదిహేను రోజుల క్రితం కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చారు. నేను వరండాలో కూర్చుని ఎవరివో పాత పంచాంగాల కట్టకు అట్ట వేస్తున్నాను. కాసేపు చూసి, "కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. రిటైరయ్యాక సొంతంగా చేతిపని పెట్టుకున్నవాళ్ళు తక్కువ. మీ రోజుని ఎలా దిద్దుకున్నారో ఈసారి మీరు చెప్పాలి" అన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్ఫై అయిదేళ్ళు నోట్ ఫైలులో "ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అని రాసిన చెయ్యి ఇది. మాట తడబడితే మన్నించండి.

ఈ రోజు మనకెందుకు పండుగో అందరికీ తెలుసు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభువుల దయ కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ తీర్పు మన నెలకి భరోసా ఇచ్చింది. కాని మన రోజుకి భరోసా ఏ కోర్టూ ఇవ్వలేదు. నెల గడవడం ట్రెజరీ చూసుకుంటుంది. రోజు గడవడం మాత్రం మనమే చూసుకోవాలి. ఈ రెండో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసేసరికి ఒక పెద్దమనిషికి నేను తీర్చలేని బాకీ పడ్డాను. ఆ బాకీ కథే ఈ రోజు చెప్పబోతున్నాను.

నేను 1973లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు బీరువాలతో పాటు నన్నూ ఒక మండలానికి పంపించారు. 2008 జూలై 31న సీనియర్ అసిస్టెంటుగా దిగాను. శాలువా కప్పారు, దండ వేశారు, ఒక గోడ గడియారం బహూకరించారు. ఇక గడియారంతో పని లేదన్న రోజున గడియారం ఎందుకిస్తారో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు శుక్రవారం. అలవాటు చొప్పున తొమ్మిదింటికల్లా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలో నిలబడ్డాను. వీధిలో అందరూ ఎక్కడికో వెళ్తున్నారు. నేను లోపలికి వచ్చి వంటింట్లో డబ్బాలు లెక్కపెట్టాను. కందిపప్పు ఎంత, మినప్పప్పు ఎంత అని ఒక కాగితం మీద స్టాకు రాశాను. వారం రోజుల్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాను. పదో రోజున మా ఆవిడ, "ఏమండీ, మీరు రిటైరయ్యారు, బాగానే ఉంది. నేను మాత్రం కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది. పైన సూపరింటెండెంటు కూడా ఉన్నాడు" అంది. నవ్వుతూనే అంది గాని, ఆ మాట నాకు మెమో ఇచ్చినట్టే తగిలింది.

మనలో బి.ఏ. చదివినవాళ్ళకు ఛార్లెస్ లాంబ్ గుర్తుండే ఉంటాడు. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో 33 ఏళ్ళు గుమస్తా పని చేశాడు. 1825లో పెన్షనిచ్చి ఇంటికి పంపితే, ఆ అనుభవం మీదే ఒక వ్యాసం రాశాడు. ఒక్కసారిగా ఇంత కాలం చేతికి వచ్చేసరికి మొదట్లో ఉక్కిరిబిక్కిరి కావడం, మనసు ఊరుకోక పాత ఆఫీసుకి వెళ్ళి పాత మిత్రుల్ని పలకరించి రావడం అన్నీ అందులో ఉన్నాయి. నేనూ వెళ్ళాను. నా కుర్చీలో కూర్చున్న కుర్రాడు మర్యాదగా లేచి నిలబడ్డాడు. కాని అతని కళ్ళు బల్ల మీది ఫైలు మీదే ఉన్నాయి. రెండోసారి వెళ్ళలేదు.

ఇక బైండింగు పనిలోకి ఎలా వచ్చానో చెబుతాను. నేను చేరిన కొత్తలో మా తాలూకా ఆఫీసు రికార్డు గదిలో ఒక పెద్దాయన ఉండేవారు. ఫసలీల వారీగా కట్టలు కట్టిన పాత అడంగళ్ళు, చెదలు కొట్టిన రిజిస్టర్లు ఆయన చేతిలో మళ్ళీ ప్రాణం పోసుకునేవి. సాయంత్రాలు బస్సు వచ్చేదాకా నేను అక్కడే కూర్చునేవాణ్ణి. దబ్బనం ఎలా పట్టుకోవాలి, దారానికి మైనం ఎందుకు రాయాలి, మైదా జిగురు ఉడికేటప్పుడు పురుగు పట్టకుండా మైలుతుత్తం ఎంత వేయాలి, అన్నీ ఆయన చూపించారు. "గుమస్తా బాబూ, కాగితం రాసినవాడికి పేరు, కుట్టినవాడికి పుణ్యం" అనేవారు. సర్వీసంతా ఆ విద్య మూలనే పడి ఉంది.

2009 జూన్‌లో మనవడి స్కూలు పుస్తకాలకి అట్టలు వేస్తుంటే అది చేతిలోకి తిరిగి వచ్చింది. పక్కింటివాళ్ళు ఒక పాత భాగవతం తెచ్చారు. ఇంకొకరు తమ నాన్నగారు దాచిన భారతి సంచికలు తెచ్చారు. తరువాత నాకే సరదా పుట్టి మంగళగిరి గుడ్డ, పోచంపల్లి గుడ్డ ముక్కలు అట్టకి అతికించి నోటు పుస్తకాలు కుట్టడం, వాటి మీద కుంచెతో పేర్లు రాయడం మొదలుపెట్టాను. జనం మెచ్చుకున్నారు, డబ్బులిచ్చారు. ఇదేదో బాగానే ఉంది, ఇకమీదట ఇదే నా పని అనుకున్నాను. ఇంట్లో రుబ్బురోలు పొత్రం తెచ్చి పుస్తకాల మీద బరువు పెట్టుకున్నాను. మా ఆవిడ దాని మీద ఇప్పటికీ అప్పీలు చేస్తూనే ఉంది.

పని దొరికింది గాని ఆ పనికి వేళ లేదు. ఉదయం రెండు పేపర్లు పూర్తిగా చదవడం, పార్కులో మిత్రులతో రాష్ట్రాన్ని పరిపాలించడం, కాలనీ అందరి కరెంటు బిల్లులూ కట్టి రావడం, భోజనం, నిద్ర, టీవీ. సాయంత్రం దీపాలు పెట్టాక, "అరే, ఆ పుస్తకం పట్టుకోవాలి" అనుకోవడం. అప్పటికి కన్ను ఆనదు, లేదా కరెంటు ఉండదు. రేపు చూద్దాం. రోజులు మనవే కదా, ఎవరడుగుతారు?

అడిగేవారు ఒకరు వచ్చారు. 2009 నవంబరులో, కార్తీకమాసం చివర, ఒక రిటైర్డు మాస్టారు నాలుగు నోటు పుస్తకాలు సంచిలో పెట్టుకుని వచ్చారు. ఆయనకి ఎనభై దాటాయి. భార్య పోయి మూడేళ్ళయింది. ఆవిడ బతికుండగా పాడే మంగళహారతులు, దంపుళ్ళ పాటలు, అప్పగింతల పాటలు రెండు వందల పైచిలుకు ఆయన కూర్చుని రాసుకున్నారు. కొన్ని పేజీలు తడిసి అంటుకుపోయాయి, కొన్ని ఊడిపోయాయి. "ఈ నాలుగూ ఒక్క పుస్తకంగా కుట్టి, మంచి గుడ్డ వేసి, పైన మా ఆవిడ పేరు రాయండి. సంక్రాంతికి అమ్మాయి ఖరగ్‌పూర్ నుంచి వస్తుంది. నా చేత్తో ఇవ్వాలి" అన్నారు. నాకు ఎంతో ఇష్టమైన పని. తప్పకుండా అన్నాను.

తరువాత వారానికొకసారి వచ్చేవారు. కర్ర ఆనించుకుని గేటు దగ్గరే నిలబడి అడిగేవారు: "గుమస్తాగారూ, మా ఫైలు ఎంతవరకు వచ్చిందండీ?"

నేను ఏమనేవాణ్ణో తెలుసా? "పనిలోనే ఉంది మాస్టారూ. రేపు రండి."

మిత్రులారా, ఈ మాట మన నోట ఎన్ని వేలసార్లు వచ్చి ఉంటుంది! ఆఫీసులో అన్నప్పుడు మనకి సాకులుండేవి. పై అధికారి క్యాంపులో ఉన్నారు, బడ్జెటు రాలేదు, సర్వేయరు రిపోర్టు రాలేదు. ఇక్కడ పై అధికారిని నేనే, సర్వేయర్నీ నేనే. అయినా అదే మాట అన్నాను.

సంక్రాంతికి కాలేదు. అమ్మాయి వచ్చి వెళ్ళిపోయింది. మాస్టారు కోపగించుకోలేదు. "ఉగాదికి మళ్ళీ వస్తుంది లెండి" అన్నారు. 2010 శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజున ఆయన పోయారని తెలిసింది. ఆ సాయంత్రమే ఆ నాలుగు పుస్తకాలూ ముందు వేసుకున్నాను. రాత్రి పదకొండు దాకా, మర్నాడు పొద్దున్న, మళ్ళీ ఆ మర్నాడు కూర్చుంటే నాలుగు రోజుల్లో పుస్తకం తయారైంది. మూడు నెలలు కానిది నాలుగు రోజుల్లో అయింది. పన్నెండో రోజున తీసుకెళ్ళి ఆ అమ్మాయికి ఇచ్చాను. ఆమె పైన అమ్మ పేరు చూసుకుని, వేలితో తడిమి, "నాన్న చూశారాండీ?" అని అడిగింది.

నాకు సమాధానం రాలేదు. ఇప్పటికీ లేదు.

ఇంటికి వచ్చి చాలాసేపు ఆలోచించాను. నాకు పని రాక కాదు, బద్ధకం కూడా కాదు. ఆఫీసు మనకి అడక్కుండానే మూడు ఇచ్చేది. ఒకటి, ఫలానా వేళకి కూర్చోవాలనే కట్టుబాటు. రెండు, ఆ కాగితం ఏమైందని అడిగే పై అధికారి. మూడు, అయిదు గంటలకి బీరువాకి తాళం. ఈ మూడింటినీ మనం ముప్ఫై ఏళ్ళు తిట్టుకున్నాం. రిటైరయిన రోజున ఈ మూడూ శాలువాతో పాటు మడిచి పక్కన పెట్టేశాం. సొంత పని చేసుకునేవాడు ఈ మూడింటినీ మళ్ళీ తనే తయారు చేసుకోవాలి. తన రోజుకి తనే గుమస్తా, తనే సూపరింటెండెంటు.

మొదట రిజిస్టరు సంగతి చెబుతాను. మనకి టాటెన్‌హామ్ పద్ధతి కొట్టిన పిండి. వచ్చిన కాగితానికి వచ్చిన రోజే నంబరు, పర్సనల్ రిజిస్టరులో ఎంట్రీ, ఎప్పుడు ఎక్కడికి వెళ్ళింది, జవాబు రాకపోతే రిమైండరు, చివరికి డిస్పోజలు. ఏడాదికి చించేసేది ఎల్.డిస్., శాశ్వతంగా ఉంచేది ఆర్.డిస్. దాన్ని తెల్లవాడి చాదస్తం అనుకునేవాళ్ళం. నేను ఒక పాత లెడ్జరు తీసి గళ్ళు గీశాను. నంబరు, వచ్చిన తేదీ, ఎవరిది, ఏం పని, ఇస్తానన్న తేదీ, ఏ రోజు ఎంత పని జరిగింది, ఇచ్చిన తేదీ, ముట్టిన సొమ్ము. రోజూ సాయంత్రం ఆరింటికి ఆ రోజు పని ఒక్క వాక్యంలో రాస్తాను. పని జరగకపోతే "ఈ రోజు పని లేదు, కారణం ఇది" అని రాసి సంతకం పెడతాను. కారణం రాయడానికి సిగ్గేసి పని చేసిన రోజులు చాలా ఉన్నాయి.

ఆ రిజిస్టరు నాకొక విద్య నేర్పింది. చేతి గంటలు వేరు, ఆరే రోజులు వేరు. మూడు వందల పేజీల పాత పుస్తకం విప్పి, చిరిగిన మడతలకి పల్చటి కాగితం పట్టీలు వేసి, కుట్టి, వెన్నుకి జిగురు పూసి, అట్ట వేయడానికి నా చేతికి పట్టేది ఆరు గంటలు. కాని ఒక్కొక్క దశ ఆరాలి. పుస్తకం నా ఇంట్లో ఉండేది కనీసం నాలుగు రోజులు. మన గోదావరి ఒడ్డున వానాకాలం వస్తే ఆ నాలుగూ ఎనిమిదవుతాయి. తొందరపడి తడి మీద అట్ట మూస్తే లోపల బూజు. పోనీ ఎండలో పెడదామా అంటే అట్ట వంకరపోతుంది. అందుకని ఇప్పుడు ఎవరికైనా తేదీ చెప్పేటప్పుడు గంటలు లెక్కవేసి చెప్పను, ఆరే రోజులు లెక్కవేసి, దానికి రెట్టింపు చెబుతాను. ఒకేసారి మూడు పుస్తకాలకి మించి పట్టుకోను. నాలుగో మనిషి వస్తే "ఫలానా తేదీన తీసుకురండి" అంటాను గాని, పుస్తకం పుచ్చుకుని అటక మీద పెట్టను. బొమ్మలు వేసేవారైనా, కథలు రాసేవారైనా, కుట్టుపని చేసేవారైనా ఈ లెక్క వర్తిస్తుందని నా నమ్మకం. ప్రతి పనిలోనూ చేసే కాలం కొంత, మాగే కాలం కొంత ఉంటుంది.

రెండవది వేళ. ఇక్కడ నేనొక పొరపాటు చేశాను, మీరు చేయకండి. రిజిస్టరు పెట్టిన ఉత్సాహంలో ఆఫీసు వేళలే పెట్టుకున్నాను. పది నుంచి అయిదు. నెల తిరక్కుండా నడుము పట్టేసింది. మధ్యాహ్నం రెండింటికి కుట్టిన కుట్టు సాయంత్రం విప్పవలసి వచ్చేది. వరండాలో నేనూ, నా జిగురు గిన్నే ఉంటే మా ఆవిడ స్నేహితురాళ్ళు రావడం మానేశారు. అప్పుడర్థమైంది, ఆఫీసు నుంచి తెచ్చుకోవలసింది రిజిస్టరు గాని, గడియారం కాదని. వేళలు మన ఒంటిని, మన ఇంటిని, మన పనిని అడిగి పెట్టుకోవాలి.

ఇప్పుడు నా రోజు ఇలా ఉంటుంది. అయిదింటికి లేస్తాను. కొంచెం నడక, కాఫీ. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా కుట్టుపని, కుంచెతో పేర్లు రాయడం. మా వరండాకి తూర్పు వెలుతురు. కన్నూ, చెయ్యీ అప్పుడే బాగా మాట వింటాయి. పేపరు ఆ తరువాతే. పొద్దున్నే పేపరు పట్టుకున్నవాడి చేతికి దబ్బనం పదింటికి గాని రాదు. స్నానం, టిఫిను, బి.పి. మాత్ర అయ్యాక పది నుంచి పన్నెండున్నర దాకా జిగురు పని, అట్ట పని. అరగంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయాలి. ఇది డాక్టరుగారి ఉత్తర్వు. పన్నెండున్నరకి మూత. అక్కడి నుంచి నాలుగు దాకా వరండా మా ఆవిడది. ఆ వేళలో నేను పడుకుంటాను, లేకపోతే చదువుకుంటాను. నాలుగింటికి కాఫీ పెట్టే డ్యూటీ నాది. నాలుగున్నర నుంచి ఆరు దాకా పుస్తకాలు తెచ్చేవాళ్ళు, తీసుకెళ్ళేవాళ్ళు వచ్చే వేళ. గేటుకి చిన్న బోర్డు కూడా రాసి పెట్టాను. మొదట్లో, "పెన్షన్ పుచ్చుకునేవాడికి వేళలేమిటి" అని నవ్వినవాళ్ళే ఇప్పుడు ఆ వేళకే వస్తున్నారు.

మూడవది తాళం. ఆరింటికి ఆ రోజు పుస్తకాలు బరువు కింద పెట్టి, నేల ఊడ్చి, రిజిస్టరు రాసి మూసేస్తాను. తరువాత ఎవరొచ్చి అడిగినా దబ్బనం ముట్టుకోను. మొదలుపెట్టడానికి ఎంత నియమం కావాలో ఆపడానికీ అంతే కావాలి. నచ్చిన పనిలో ఉన్న ప్రమాదమే అది, రాత్రి పదింటి దాకా లాక్కుపోతుంది. మర్నాడు ఆరింటికి లేవనివ్వదు. మూడో రోజుకి విసుగొస్తుంది. ఆదివారం పూర్తి సెలవు. గురువారం బయటి పనులు. ప్రెస్సుకి వెళ్ళి పుస్తకాల అంచులు కోయించుకోవడం, గుడ్డ కొనడం, బ్యాంకు, ట్రెజరీ, మన సంఘం ఆఫీసు అన్నీ ఆ రోజే. ఇంతకు ముందు ఈ పనులు వారమంతా చెదలులా తినేవి.

నాలుగవది ఇంటివారి అంగీకారం. ఈ టైమ్‌టేబులు నేను ఒక్కణ్ణే రాసి గోడకి అంటించలేదు. అంటిస్తే చింపేసేది. ఇద్దరం కూర్చుని రాశాం. అందులో ఆవిడ పెట్టిన సవరణలు రెండు. వంటింట్లో నా అధికార పరిధి కాఫీకే పరిమితం. ఏడాదిలో రెండుసార్లు ఆవిడ చెల్లెలి ఊరు వెళ్ళినప్పుడు "అర్జెంటు పుస్తకం ఉంది" అనకూడదు. మనం ఉద్యోగాలకి పోయిన ముప్ఫై అయిదేళ్ళలో ఇంట్లో ఆడవాళ్ళు తమ రోజుని తాము అమర్చుకున్నారు. మనం వచ్చి దాన్ని చెరపడం అన్యాయం. మన రోజు వాళ్ళ రోజులో ఖాళీ చూసుకుని ఇమడాలి.

అయిదవది డబ్బు. దీని గురించి మాట్లాడటం మనకి మొహమాటం. మొదటి ఏడాది లెక్క చూస్తే మైదా, గుడ్డ, దారం, అట్టల ఖర్చు పోగా మిగిలింది నెలకొక గ్యాస్ బండకి కూడా సరిపోలేదు. తెలిసినవాళ్ళే కదా అని సగం పనులు ఊరికే చేశాను. ఊరికే చేసిన పనికి తేదీ ఉండదు. తేదీ లేని పని వెనక్కి పోతుంది. అందుకని ఇప్పుడు అందరి దగ్గరా పుచ్చుకుంటాను. ఊరికే చేయాలనిపించినవాటికి నెలలో ఒక శనివారం పెట్టుకున్నాను. బడి పిల్లల పుస్తకాలు ఆ రోజు చేస్తాను. ఇప్పుడు నా సంపాదన మా ఇద్దరి మందులకి సరిపోతుంది. అంతకంటే గొప్పగా చెప్పుకోవడానికి లేదు. కమ్యుటేషన్ డబ్బు మాత్రం ఇందులో పైసా పెట్టలేదు. మీరూ పెట్టకండి.

ఈ రోజు సభకి ఇంకా సర్వీసులో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా కొందరు వచ్చారు. ఒకరిద్దరు నన్ను అడిగారు కూడా, "ఇరవై ఏళ్ళ సర్వీసు నిండింది, మూడు నెలల నోటీసు ఇచ్చి వాలంటరీ తీసుకుని హాయిగా బొమ్మలు వేసుకోనా?" అని. వారికి నా మనవి ఇది. నా దినచర్య వెనక నా పెన్షన్ ఉంది. నెల జరిగిపోతుందనే ధైర్యంతోనే నేను మూడు పుస్తకాలకి మించి పట్టుకోనని చెప్పగలుగుతున్నాను. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరి సి.పి.ఎస్.లోకి వెళ్ళినవారికి మా లెక్క వర్తించదు. వారు వేళలు వేసుకునే ముందు రాబడి లెక్క వేసుకోవాలి. పని తెచ్చుకోవడానికి, సొమ్ము వసూలు చేసుకోవడానికి కూడా రోజులో వేళ కేటాయించాలి.

రెండో మాట. ఉద్యోగం మానితే వేళ దొరుకుతుంది, అప్పుడు మొదలుపెడదాం అనుకోవద్దు. ఆంథోనీ ట్రోలప్ అని ఇంగ్లీషు నవలాకారుడు. 1834లో లండన్ పోస్టాఫీసులో గుమస్తాగా చేరాడు. తెల్లవారుజామున అయిదున్నరకి బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 మాటల చొప్పున మూడు గంటలు రాసి, తరువాత ఉద్యోగానికి వెళ్ళేవాడు. రోజూ ఎన్ని పేజీలు రాసిందీ డైరీలో వేసుకునేవాడు. ఉద్యోగం వదిలింది 1867లో. అప్పటికే ఎన్నో నవలలు అచ్చయ్యాయి. అతనికి ఉద్యోగం పోయినా ఉదయం పోలేదు. నాకు ఉద్యోగంతో పాటు ఉదయం కూడా పోయింది. తేడా అదే. మీకు రోజుకి గంట చిక్కినా చాలు, ఇప్పుడే దాన్ని కట్టుకోండి. రేపు ఆ గంట చుట్టూనే రోజంతా అల్లుకోవచ్చు.

పెద్దవాళ్ళలో కొందరు, "ఈ వయసులో ఇంకా తేదీలూ రిజిస్టర్లూ ఏమిటయ్యా, కృష్ణా రామా అనుకోక" అంటారు. వారి మాట కాదనను. కాని మన గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకుంటాను. ఉపాధ్యాయ పదవి వదిలిన ఎన్నో ఏళ్ళ తరువాత 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. ఆయన 1863లో పుట్టారు. అంటే ఆ నిఘంటువు వచ్చేనాటికి డెబ్బై అయిదేళ్ళు. ఇప్పుడు నా వయసు కూడా అంతే. ఆయన పనెక్కడ, నా అట్టల పనెక్కడ! అయినా ఒక్కొక్క మాటా పోగుచేసుకుంటూ ఆయన ఎన్ని వందల ఉదయాలు కూర్చుని ఉంటారో అని తలుచుకుంటే, ఆరింటికి దబ్బనం పట్టుకోవడం నాకు కష్టమనిపించదు.

ఈ ఏర్పాటు ఎప్పుడూ సాఫీగా సాగిందని చెప్పను. కంటి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు కొన్ని వారాలు పని ఆగింది. 2020లో కరోనా వచ్చినప్పుడు నెలల తరబడి గేటు తెరవలేదు. అప్పుడు కూడా సాయంత్రం ఆరింటికి రిజిస్టరు తెరిచి, "పని లేదు, కారణం లాక్‌డౌన్" అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. మా ఆవిడ, "ఆ సంతకం ఎవరు చూడాలండీ?" అని అడిగింది. మనం ఏటా జీవన ప్రమాణ పత్రం ఇస్తున్నాం కదా, బతికే ఉన్నామని ట్రెజరీకి. ఇది అలాంటిదే, నాకు నేను ఇచ్చుకునేది అన్నాను.

చివరగా ఒక్క మాట. ఆ రిజిస్టరు ఇప్పుడు ఏడో పుస్తకంలో నడుస్తోంది. అన్నీ నేనే కుట్టుకున్నవి. మొదటి పుస్తకం మొదటి పేజీలో ఒకటో నంబరు మాస్టారి పాటల పుస్తకం. వచ్చిన తేదీ రాశాను. ఇస్తానన్న తేదీ, "సంక్రాంతికి" అని రాశాను. ఇచ్చిన తేదీ గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. పుస్తకం చేరింది గాని, చేరవలసిన చేతికి చేరలేదు. కాబట్టి అది డిస్పోజలు కాదు. పెండింగ్ కాగితం కింద అలాగే ఉంటుంది. ఎవరికైనా "రేపు రండి" అనబోయినప్పుడల్లా ఆ పేజీ తీసి చూసుకుంటాను.

మిత్రులారా, మనకి మిగిలిన రోజులు ఎన్నో ఏ సర్వీసు రిజిస్టరులోనూ ఉండదు. ఉన్న రోజుకి ఒక వేళ, ఒక లెక్క, ఒక తాళం పెట్టుకుందాం. మన చేతి పని కోసం ఎదురుచూసేవారిని గేటు దగ్గర నిలబెట్టకుండా ఉందాం.  ఇప్పటికే నా వేళ దాటింది. ఇంటికి వెళ్ళి రిజిస్టరు రాయాలి.

సెలవు. నమస్కారం.